బాయిలర్ పెట్టింది ఒకళ్ళు, డబ్బులు తీసుకుంది ఇంకొకళ్ళు, ఎవర్ని అడగాలి?

ఇంగ్లాండ్‌లోని మిల్టన్ కీన్స్ నుంచి ఒకావిడ రాశారు, పేరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, ఫోటోలు, కాగితాలు కూడా జతచేశారు కాబట్టి ముఖ్యమైనంత వరకు ఇక్కడ చెప్తాను.

వాళ్ళు కొనుక్కున్న ఇంట్లో ఇల్లు, నీళ్ళు వేడిచేసే పాత గ్యాస్ బాయిలర్, అటక మీద నీళ్ళ ట్యాంకు, బెడ్రూమ్ అల్మరాలో వేడినీళ్ళ సిలిండర్ ఉండేవి. పోయిన చలికాలం ముందు ఆ బాయిలర్ చచ్చిపోయింది. పెద్ద కంపెనీ అయితే నమ్మకంగా ఉంటుందని వాళ్ళాయన ఒక పేరున్న కంపెనీకే ఇచ్చారు, 3,600 పౌండ్లు, ఐదేళ్ళ ఫైనాన్స్, అదీ కంపెనీవాళ్ళే కట్టించారు. సేల్స్ అతను ట్యాబ్ పట్టుకుని ఇల్లంతా తిరిగి చూసి వెళ్ళాడు. పని రోజున మాత్రం కంపెనీ పేరు లేని వ్యాన్‌లో ఇద్దరు కుర్రాళ్ళు దిగారు, ట్యాంకు సిలిండర్ పీకేసి వంటింట్లో కొత్త కాంబి బాయిలర్ (ట్యాంకు, సిలిండర్ అక్కర్లేని రకం) బిగించి, సాయంత్రం కాకుండానే ఈవిడ చేత ఫోన్ మీద సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు.

అప్పట్నుంచి మేడమీద రెండు గదుల్లో రేడియేటర్లు (వేడినీళ్ళు తిరిగి గదిని వేడిచేసే గోడ పలకలు) పైన గోరువెచ్చగా, కింద చల్లగా ఉంటున్నాయి. బాయిలర్ మీది ప్రెషర్ ముల్లు నాలుగు రోజులకోసారి సున్నా దగ్గరికి పడిపోతోంది, ఈవిడ యూట్యూబ్ చూసి నేర్చుకుని కింద కుళాయి తిప్పి నీళ్ళు ఎక్కిస్తున్నారు. వంటింటి సీలింగ్ మీద గోధుమరంగు మరక మెల్లగా పెద్దదవుతోంది. జనవరిలో గడ్డకట్టే చలి వచ్చిన వారం బాయిలర్ గడగడమని ఆగిపోయింది, చూస్తే బయట గోడమీది సన్నటి తెల్ల పైపు గడ్డకట్టుకుపోయి ఉంది. బాయిలర్ పొగ బయటికి పోయే ఫ్లూ గొట్టం చుట్టూ వేలు దూరేంత సందు కూడా వదిలేశారు.

కంపెనీకి ఫోన్ చేస్తే, పని అప్పజెప్పిన సబ్‌కాంట్రాక్టర్‌కి చెప్పాం, వాళ్ళే మీతో మాట్లాడతారు అంటున్నారు. సబ్‌కాంట్రాక్టర్‌ని అడిగితే తప్పంతా మీ పాత పైపులది, మార్చాలంటే ఇంకో 900 పౌండ్లు అంటున్నాడు. ఖమ్మం నుంచి వచ్చిన అత్తగారు శాలువా, సాక్సులు వేసుకుని ఫ్యాన్ హీటర్ ముందు కూర్చుంటున్నారు. భర్త "వీసా మీద ఉన్నాం, మనకెందుకు గొడవ, ఆ తొమ్మిది వందలు పడేద్దాం" అంటున్నారు. స్నేహితురాలేమో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో ఒక ప్లంబర్ ఉన్నాడు, క్యాష్ ఇస్తే చేసిపెడతాడు అంటోంది. "సంతకం పెట్టేశాను కదా, తప్పు నాదేనా? ఫైనాన్స్ ఈఎమ్ఐ ఆపేయమంటారా? అసలు నేను ఎవర్ని అడగాలి?" ఇదీ ఆవిడ బాధ.

అమ్మా, మీ మిగతా ప్రశ్నల కన్నా ముందు ఆ ఫ్లూ సంగతి చూడాలి. ఆ సందు బయట సిమెంటు పూయడం మర్చిపోయినంత చిన్న విషయం కావచ్చు, గొట్టమే సరిగ్గా కూర్చోకపోయి కూడా ఉండొచ్చు. ఫోటో చూసి నేను చెప్పలేను, ఎవరు చెప్పినా నమ్మకండి. మండిన గ్యాస్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, తలనొప్పి, వికారం, మత్తు వచ్చి జలుబు జ్వరమేమో అనుకుంటాం, రోజంతా ఇంట్లోనే ఉండే మీ అత్తగారికే ముందు తగులుతుంది. ఇంగ్లాండ్‌లో 2022 అక్టోబర్ నుంచి కొత్త గ్యాస్ బాయిలర్ పెడితే ఆ గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉండాలి, మీ ఉత్తరంలో అలారం ఊసే లేదు. వాళ్ళు పెట్టకపోతే ఈరోజే బీఎస్ ఈఎన్ 50291 అని రాసి ఉన్నది ఒకటి కొని పెట్టండి, పెద్ద ఖర్చేం కాదు, బిల్లు దాచండి. అది ఎప్పుడైనా మోగినా, గ్యాస్ వాసన వచ్చినా, మీటర్ దగ్గర గ్యాస్ ఆపి, కిటికీలు తీసి, అందరూ బయటికొచ్చి 0800 111 999 కి ఫోన్ చేయండి, ఇరవై నాలుగు గంటలూ పనిచేసే గ్యాస్ ఎమర్జెన్సీ నంబర్ అది.

తర్వాత గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌కి చెప్పండి. బ్రిటన్‌లో ఆ రిజిస్టర్‌లో పేరు లేకుండా ఎవరూ గ్యాస్ పని చేయకూడదు, అది చట్టం. చేసినతను రిజిస్టర్ అయినవాడైతే, సేఫ్టీ మీద అనుమానం ఉందని ఫిర్యాదు చేస్తే వాళ్ళ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తారు, దానికి మీరు డబ్బులు కట్టక్కర్లేదు, కానీ పని జరిగి ఎక్కువకాలం అయిపోతే తీసుకోరు కాబట్టి నాన్చకండి. వాళ్ళు చూసేది గ్యాస్ ప్రమాదం వరకే, రేడియేటర్ చల్లగా ఉంటే వాళ్ళకి పట్టదు. అయినా వాళ్ళు రాసిచ్చే కాగితం ముందు ముందు మీకు చాలా పనికొస్తుంది. ఒకవేళ ఆ కుర్రాళ్ళలో ఎవరికీ రిజిస్ట్రేషనే లేదని తేలితే మాత్రం ఇది రిపేర్ గొడవ కాదు, నేరం, కంపెనీ మాట తీరు ఆరోజే మారిపోతుంది.

ఇక ఎవర్ని అడగాలి అన్నది. మీరు కంపెనీనే అడగాలి, ఇంకెవర్నీ కాదు. పెళ్ళికి క్యాటరింగ్ ఆయనకి అడ్వాన్స్ ఇచ్చాక సాంబారు చెడిపోతే, నేను వంట వేరేవాళ్ళకి అప్పజెప్పాను వాళ్ళ ఫోన్ నంబర్ ఇదిగో అంటే మన ఊళ్ళో ఎవరైనా ఊరుకుంటారా? ఇక్కడా అంతే. మీ ఒప్పందం ఎవరితో ఉందో, డబ్బు ఎవరు తీసుకున్నారో వాళ్ళే పని సరిగ్గా జరిగేలా చూడాలి, 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ చెప్పేది అదే, పని తగినంత జాగ్రత్తతో, నైపుణ్యంతో చేయాలి, చేయకపోతే వాళ్ళ ఖర్చుతో, మిమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టకుండా, తగిన టైములో మళ్ళీ చేయాలి, అది కుదరకపోతే ధర తగ్గించాలి. మధ్యలో సబ్‌కాంట్రాక్టర్ ఎంతమంది ఉన్నారన్నది వాళ్ళ ఇంటి లెక్క. ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఇద్దరి మధ్య తిప్పడం వల్ల వాళ్ళిద్దరికీ కలిసొచ్చింది, మీకే ఏమీ మిగల్లేదు. ఆ సబ్‌కాంట్రాక్టర్ మళ్ళీ ఫోన్ చేస్తే మర్యాదగా "నేను కంపెనీకి రాశానండీ, వాళ్ళతో మాట్లాడండి" అని పెట్టేయండి.

సంతకం గురించి భయపడకండి. పని బాగుందని ఫోన్ స్క్రీన్ మీద వేలితో గీసినంత మాత్రాన చట్టం ఇచ్చిన హక్కు పోదు, అలా పోతుందని వాళ్ళు కాగితంలో రాసుకున్నా చెల్లదు. పైపుల లోపల ఏముందో మీకెలా తెలుస్తుందమ్మా, అది తెలిసినవాళ్ళనే కదా మీరు డబ్బిచ్చి పిలిచింది.

పాత పైపుల మాటకి మాత్రం కొంచెం ఓపిగ్గా జవాబు చెప్పాలి, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది, వాళ్ళు పట్టుకుని వేలాడేది కూడా దాన్నే. అటక ట్యాంకు ఉన్న పాత పద్ధతిలో పైపుల్లో ఒత్తిడి తక్కువ. కాంబికి మార్చాక అదే పైపులు మూసేసిన సిస్టమ్‌లో ఒకటి, ఒకటిన్నర బార్ ఒత్తిడి మీద నడుస్తాయి, ఏళ్ళ తరబడి ఊరుకున్న జాయింట్లు కారడం మొదలవుతుంది. మీ సీలింగ్ మరక అదే అయ్యుండే అవకాశం ఎక్కువ. కానీ ఇది ఈ ట్రేడ్‌లో అందరికీ తెలిసిన విషయం, ట్యాబ్ పట్టుకుని ఇల్లంతా తిరిగినతనికి కూడా తెలియాలి, ముందే చెప్పాలి, బిగించాక కారుతోందా అని చూసుకోవాలి. ఇప్పుడు మీరు చేయాల్సింది ఆ కొటేషన్ బయటికి తీసి చిన్న అక్షరాలు చదవడం. "ఇప్పటికే ఉన్న పైపులకి మా బాధ్యత లేదు, ఒత్తిడి పెరిగితే కారొచ్చు" అని స్పష్టంగా రాసి మీకు చెప్పి ఉంటే ఆ ఒక్క లీకు విషయంలో మీ వాదన బలహీనపడుతుంది, లేకపోతే బలంగా ఉంటుంది. ఈ తేడా ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

కానీ మిగతావాటికి పాత పైపులకి ఏ సంబంధం లేదు. బయటి తెల్ల పైపు పూర్తిగా వాళ్ళు వేసిందే. బాయిలర్‌లో ఊరే నీళ్ళు దాంట్లోంచి పోతాయి, గోడ బయట వేస్తే కనీసం 32 మిల్లీమీటర్ల లావుది వేసి పైన ఇన్సులేషన్ తొడగాలి, మీ ఫోటోలో ఉన్నది బట్టలారేసే తీగంత అమాయకంగా గోడకి వేలాడుతోంది, దానికి తొడుగే లేదు. (మళ్ళీ గడ్డకడితే గోరువెచ్చటి నీళ్ళు పోయండి, మరిగే నీళ్ళు వద్దు, పైపు పగులుతుంది.) రేడియేటర్ పైన వేడిగా, కింద చల్లగా ఉంటే సాధారణంగా లోపల అడుగున తుప్పు బురద పేరుకుందని అర్థం, గాలి పట్టేస్తే దీనికి రివర్స్‌లో ఉంటుంది. కొత్త బాయిలర్ పెట్టేముందు సిస్టమ్ కడిగి, తుప్పు పట్టకుండా ఇన్హిబిటర్ మందు కలపాలి, అది కడగలేదనే నా అనుమానం.

అనుమానం అంటున్నాను కానీ మీరు పంపిన ఫోటోల్లో దానికి సాక్ష్యం ఉంది, మీరు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. బాయిలర్ మాన్యువల్ చివర్లో బెంచ్‌మార్క్ అని ఒక పేజీ ఉంటుంది, బిగించినవాళ్ళు నింపాల్సింది. సిస్టమ్ కడిగారా, ఏ క్లీనర్ వాడారు, ఏ ఇన్హిబిటర్ ఎంత పోశారు, గ్యాస్ ఎంత లాగుతోంది, పొగలో కార్బన్ మోనాక్సైడ్ నిష్పత్తి ఎంత వచ్చింది, ఒక్కొక్క దానికి ఒక్కో గడి. మీ పేజీలో పైన తేదీ ఉంది, కింద గిలికిన సంతకం ఉంది, మధ్యలో గడులన్నీ తెల్లగా ఉన్నాయి. దాన్ని వెలుతురులో మళ్ళీ ఫోటో తీసి భద్రంగా పెట్టండి, ఎవరొచ్చినా మాన్యువల్ చేతికివ్వకండి, ఇప్పుడు కూర్చుని నింపేస్తారు. తయారీ కంపెనీ వారంటీకి కూడా ఆ పేజీ అడుగుతారు. అలాగే పని అయ్యాక పోస్టులో బిల్డింగ్ రెగ్యులేషన్స్ కంప్లయన్స్ సర్టిఫికెట్ రావాలి, వచ్చిందా? రాకపోతే అదీ ఫిర్యాదులో రాయండి, రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ లాయర్ మొదట అడిగేవాటిలో అదొకటి.

ఇవన్నీ చూశాక మీకు ఉన్న దార్లు చెప్తాను.

900 పౌండ్లు ఇచ్చేస్తే ఏమవుతుంది? బహుశా లీకు ఆగుతుంది, ఇంట్లో గొడవ ఆగుతుంది. కానీ తప్పు మీ పైపులదే అని మీరే ఒప్పుకున్నట్టు వాళ్ళు చెప్పుకుంటారు, కడగని సిస్టమ్, సన్నటి పైపు, సందున్న ఫ్లూ అలాగే ఉంటాయి, వచ్చే చలికాలం మళ్ళీ ఇదే పాట. వాళ్ళ నోటిమాట మీద ఒక్క పౌండ్ కూడా ఇవ్వొద్దనే నేను చెప్తాను.

వాట్సాప్ గ్రూప్ ప్లంబర్ మంచివాడే అయ్యుండొచ్చు, పనిమంతుడే అయ్యుండొచ్చు. కానీ అతను ఇప్పుడు చెయ్యి పెడితే ముందున్న తప్పు ఎవరిదో తేల్చే ఆధారం పోతుంది, కంపెనీ "వేరేవాళ్ళు ముట్టుకున్నారు" అంటుంది, క్యాష్ ఇస్తే అతను వచ్చినట్టు కూడా రుజువుండదు. అతనికి గ్యాస్ సేఫ్ కార్డ్ ఉంటే (వెనక వైపు ఏ ఏ పనులకి అర్హత ఉందో రాసి ఉంటుంది, తిప్పి చూడండి) వేరేలా వాడుకోండి: ఏమీ విప్పకుండా చూసి, ఏది ఎందుకు తప్పో పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ వేసి రాసిమ్మనండి, డబ్బు బ్యాంకులో వేయండి. ఒకటే మినహాయింపు, సీలింగ్ నుంచి నీళ్ళు ధారగా కారడం మొదలైతే మాత్రం ఆగకండి, నష్టం పెరక్కుండా చూసుకోవడం మీ బాధ్యత కూడా. కంపెనీకి ఈమెయిల్ పెట్టి, ఫోటోలు తీసి, బాగుచేయించి, తీసేసిన జాయింటు ముక్క కూడా కవర్లో వేసి దాచండి.

నాకు అన్నిటికన్నా సరైందనిపించే దారి కంపెనీ చేతనే మళ్ళీ చేయించడం, కానీ ఆ కుర్రాళ్ళతో కాకుండా కంపెనీ సొంత ఇంజనీర్‌తో. చలికాలంలో డబ్బు వాపసు వచ్చినా ఇల్లు వేడెక్కదు కదా. ఫోన్లు మానేసి ఒక ఈమెయిల్ రాయండి, కాల్ సెంటర్‌కి కాదు, వాళ్ళ కంప్లయింట్స్ డిపార్ట్‌మెంట్‌కి. కోపం ఎంత ఉన్నా అందులో కనపడనివ్వకండి, ఏం కుదిరింది, ఏం జరిగింది, ఏ ఏ లోపాలు, ఫోటోలు, కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ కింద మళ్ళీ చేయమని అడుగుతున్నాం, 14 రోజుల్లో తేదీ చెప్పండి, అంతే. ఫ్యాన్ హీటర్ వల్ల పెరిగిన కరెంటు బిల్లు, సీలింగ్ బాగుచేసే ఖర్చు కూడా రాయండి. అదే ఈమెయిల్లో ఇంకోటి అడగండి, డేటా ప్రొటెక్షన్ చట్టం కింద మా జాబ్‌కి సంబంధించిన నోట్స్, ఫోటోలు, కాల్ రికార్డింగులు అన్నీ పంపండి అని. నెలలోపు ఉచితంగా ఇవ్వాలి. సర్వేకి వచ్చినతను ఆరోజు ట్యాబ్‌లో ఏం కొట్టాడో, పైపుల గురించి ఏమన్నా రాశాడో లేదో అందులో దొరకొచ్చు.

ఫైనాన్స్ ఈఎమ్ఐ మాత్రం ఆపకండి. ఆపితే అప్పు ఎగ్గొట్టినట్టు మీ క్రెడిట్ ఫైల్లో పడుతుంది, రేపు ఇంటి లోను (మార్ట్‌గేజ్) మార్చుకునేటప్పుడు ఏడిపిస్తుంది, కంపెనీకి పోయేదేమీ ఉండదు, దాని డబ్బు దానికి ముందే ముట్టేసింది. దానికన్నా మంచి ఆయుధం మీ దగ్గరే ఉంది. 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ సెక్షన్ 75 ప్రకారం, వస్తువు ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉండి, అమ్మినవాళ్ళే ఏర్పాటు చేసిన ఫైనాన్స్ అయితే, ఒప్పందం సరిగ్గా జరగనప్పుడు ఆ ఫైనాన్స్ కంపెనీ కూడా సమానంగా బాధ్యత వహించాలి. క్రెడిట్ కార్డుతో కట్టినా అంతే, సొంతంగా బ్యాంకులో పర్సనల్ లోన్ తీసుకుని కడితే మాత్రం వర్తించదు. కాబట్టి అవే కాగితాలు ఫైనాన్స్ కంపెనీకి కూడా పంపండి. ఎనిమిది వారాల్లో తేల్చకపోయినా, కుదరదన్నా ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు, ఉచితం. టైము పట్టే దారి, కానీ బాయిలర్ కంపెనీ కాల్ సెంటర్ కన్నా ఫైనాన్స్ కంపెనీవాళ్ళు కాగితానికి విలువిస్తారు.

ఇక్కడే మీ వారి సంగతి వస్తుంది. మీ కాగితాల్లో కొటేషన్, ఫైనాన్స్ రెండూ ఆయన పేరు మీదే ఉన్నాయి. అంటే ఫిర్యాదు ఆయన పేరుతో వెళ్ళాలి, లేదా మా ఆవిడ నా తరఫున మాట్లాడుతుందని ఆయన రాసివ్వాలి. ఆయన్ని పక్కనపెట్టి మీరొక్కరే చేయగలిగింది కాదు, కాబట్టి ముందు ఇంట్లో మాట్లాడుకోవాలి. ఆ కంపెనీని ఎంచుకుంది ఆయన, చలికి వణుకుతున్నది వాళ్ళమ్మ, ఆయన లోపల ఏం పడుతున్నారో ఊహించుకోవచ్చు, "వదిలేద్దాం" అన్న మాట చాలాసార్లు అక్కణ్ణుంచే వస్తుంది. మీ సెలక్షన్ వల్లే ఇదంతా అనే మాట రానివ్వకుండా, ఆ తెల్లగా ఉన్న పేజీ ఆయన ముందు పెట్టి చూపించండి. వీసా భయం గురించి ఆయనకి స్పష్టంగా చెప్పండి, కంపెనీ మీద ఫిర్యాదు చేయడం, అవసరమైతే స్మాల్ క్లెయిమ్ (చిన్న మొత్తాల కోర్టు కేసు) వేయడం సివిల్ వ్యవహారం, వీసాలు చూసే హోమ్ ఆఫీస్‌కి దానితో పనిలేదు, వీసా మీద ఉన్నవాళ్ళకీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకీ ఈ హక్కు ఒకటే.

అంతవరకు వెళ్ళాల్సి వస్తుందనుకోను కానీ, వస్తే ఇంగ్లాండ్, వేల్స్‌లో 10,000 పౌండ్ల వరకు స్మాల్ క్లెయిమ్స్‌లో వేయొచ్చు, ఆన్‌లైన్‌లోనే, లాయర్ అక్కర్లేదు. ముందు కోర్టుకి వెళ్తామని ఆఖరి లెటర్ రాసి 14 రోజులు టైమివ్వాలి. కోర్టు ఫీజు మీరే ముందు కట్టాలి, గెలిస్తే వస్తుంది, ఓడితే పోతుంది. 2024 నుంచి ఇలాంటి డబ్బు కేసుల్లో ముందు ఫోన్ మీద ఉచితంగా మధ్యవర్తిత్వం జరుగుతుంది, కొన్ని అక్కడే తెగిపోతాయి. పని జరిగిన నాటి నుంచి ఆరేళ్ళ వరకు వేయొచ్చు కాబట్టి రేపే పరుగెత్తక్కర్లేదు. (స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్ళు ఇది చదివి అలాగే చేయకండి, అక్కడ కోర్టు పద్ధతి, గడువు వేరు.) ఎక్కడైనా ఆగిపోతే, ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, ఇంగ్లీషు ఇబ్బందనిపిస్తే ముందే నాలుగు వాక్యాలు రాసుకుని కూర్చోండి.

ఈమెయిల్ వెళ్ళాక హఠాత్తుగా ఎవరో ఒకరు రేపే వస్తామని ఫోన్ చేస్తారు, అలాగే జరుగుతుంది సాధారణంగా. రండి అనండి, కానీ ఏమేం చేయబోతున్నారో ముందు ఈమెయిల్లో రాయమనండి, గుమ్మంలోనే గ్యాస్ సేఫ్ కార్డ్ చూసి ఫోటో తీసుకోండి, కుదిరితే ఆరోజు మీ వారిని ఇంటి నుంచి పనిచేయమనండి. పని అయ్యాక హీటింగ్ ఆన్ చేయించి, మీరే మేడమీదికెళ్ళి రెండు గదుల్లోనూ రేడియేటర్ పైన, అడుగున చెయ్యి పెట్టి చూడండి, ప్రెషర్ ముల్లు ఎక్కడుందో ఫోటో తీయండి, బెంచ్‌మార్క్ పేజీ మీ ఎదురుగా ఈరోజు తేదీతో నింపమనండి. మళ్ళీ ఫోన్ మీద సంతకం అడిగితే, ఇంకా ఏదైనా మిగిలి ఉంటే అది రాశాకే పెట్టండి, స్క్రీన్ మీద రాయడానికి చోటు లేదంటారు, అప్పుడు కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి, దానికీ ఒప్పుకోకపోతే సంతకం పెట్టకుండానే పంపించేసి, ఆ మాటే అదే గంటలో కంపెనీకి ఈమెయిల్ చేయండి.